పొయ్యి ముందు పందొమ్మిదేళ్లు

రాజుబాబు దింపించిన మొదటి పెనం పాకం ముచ్చటగా గట్టిపడింది. దాంతో గానుగ దగ్గరున్న ప్రతివాళ్లకీ రక్తం గురించి మాట్లాడే అధికారం వచ్చేసింది.

“సూసేరా? పులి కడుపున పిల్లి పుడతాదేటి?” అన్నాడు త్రినాధరావు, అరచేతిలో వేడి బెల్లం ముక్కను ఊదుకుంటూ.

బుచ్చయ్యపేట దాటాక చెరకు తోటల మధ్య కనిపించే ఆ రేకుల షెడ్డు, అందులోని గానుగ, పెనం, పొయ్యి ఆయనవే. అక్కడ వండిన బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్ యార్డుకు వెళితే, “సూర్యనారాయణ పాకమేనా?” అని అడిగి మరీ కొనేవాళ్లున్నారు. సూర్యనారాయణ అక్కడి పాకం మేస్త్రి. అతని తండ్రీ పాకం మేస్త్రే. పోయిన వారం సూర్యనారాయణకు కంట్లో శుక్లం తీశారు. నలభై రోజులు పొగ జోలికీ ఆవిరి జోలికీ వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇది మాఘమాసం. చెరకు నరుకుడు జోరు మీద ఉంది. అందుకని త్రినాధరావు, అనకాపల్లిలో ఆటో నడుపుకుంటున్న మేస్త్రి కొడుకు రాజుబాబును పిలిపించి, చేతికి తెడ్డు ఇచ్చి పెనం గట్టు మీద నిలబెట్టాడు.

“నాకేటి తెలుసు బాబూ? సిన్నప్పుడు అయ్యకి కేరేజీ తెచ్చినప్పుడు సూసిందే,” అని రాజుబాబు మొత్తుకున్నాడు.

“నేర్సుకుంటే వచ్చేది కాదురా ఇది. మీ రక్తంలో ఉన్నాది. తెడ్డట్టుకో, అదే వత్తాది,” అన్నాడు త్రినాధరావు.

ఈ మాటలన్నీ రామాయమ్మ గోతిలోంచి వింటూనే ఉంది. పొయ్యి నోరు నేలమట్టానికి కింద ఉంటుంది. దాని ముందు నడుము లోతు గొయ్యి. అందులో కూర్చుని, ఎండిన చెరకు పిప్పిని చేత్తో చుట్టచుట్టి, పంగల కర్రతో లోపలికి తోస్తూ ఉండడం ఆమె పని. గోతిలోంచి చూస్తే పెనంలో రసం కనిపించదు. మేస్త్రి పాదాలు, తెడ్డు కొస, ఆవిరి, అంతే. గట్టు మీద వాళ్లకు మాత్రం ఆమె తలముడి కనిపిస్తుంది, అదీ చూడాలని బుద్ధి పుడితే.

రసం మరగడం మొదలైనప్పుడు రేకుల మీద పెద్ద వాన పడుతున్నట్టుంటుంది. సున్నం కలిపి, మడ్డి పైకి తేరగానే తోడేశాక ఆ చప్పుడు పలచబడుతుంది. పాకం దగ్గరపడే కొద్దీ బుడగలు బరువెక్కి, ఒక్కొక్కటీ తీరిగ్గా పగులుతుంది. మంట తియ్యాల్సింది అప్పుడే. ఇటుక పొయ్యి వేడిని పట్టుకుని ఉంటుంది కనుక, పాకం వచ్చాక మంట తీస్తే వచ్చిన పాకం కాస్తా దాటిపోతుంది. రాకముందే తియ్యాలి. ఎంత ముందు అన్నదే అసలు విద్య.

ఆ ఉదయం రామాయమ్మ మండుతున్న పిప్పిని కర్రతో వెనక్కి లాగి నీళ్లు చల్లేసింది. ఆ తర్వాత రెండు నిమిషాలకు గట్టు మీంచి “మంట తియ్యి!” అని రాజుబాబు కేక వేశాడు.

“తీసేను,” అంది రామాయమ్మ. అబద్ధం కాదు కదా.

రెండో పెనానికీ అదే కథ. పేరు మాత్రం రాజుబాబు రక్తానికి వచ్చింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. పాకం దించిన మగవాళ్లు రాజుబాబు భుజం తడుతూ ఉంటే రామాయమ్మకు ముక్కుపుటాలు అదిరాయి. పొగ వల్ల కాదు.

త్రినాధరావు కూతురు సుప్రియ వ్యవసాయ కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. బెల్లం మీద ఏదో ప్రాజెక్టు రాయాలట. పొడుగు కాడ ఉన్న థర్మామీటరు ఒకటి తెచ్చి, పెనంలో ముంచి, నిమిషానికోసారి పుస్తకంలో అంకెలు వేసుకుంటోంది. రెండో పెనం దించాక ఆ పిల్ల గోతి అంచున గొంతుక్కూర్చుంది.

“పిన్నీ, రాజుబాబు కేకేసేసరికే వేడి పెరగడం ఆగిపోయింది. రెండుసార్లూ అంతే. మంట ముందే తీసేశారా?”

రామాయమ్మ తలెత్తి చూసింది. ఆ గోతిలోకి తొంగి చూసి ఆమెను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

“తీసేనమ్మా. ఆయన సెప్పేదాకా ఉంటే మాడిపోదేటి?”

“మీకెలా తెలిసింది? ఇక్కడికి ఏమీ కనపడదు కదా?”

“సద్దు మారతాది కదా. వాసన కూడాను. పచ్చి రసం వాసన పోయి, అప్పుడే వేగిన పేలాల వాసన వత్తాది. అది మొదలెట్టగానే తీసేత్తాను.”

సుప్రియ గాలి పీల్చి చూసింది. ఆ పిల్లకు పొగ వాసన తప్ప మరోటి తెలియలేదు. అయినా పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ సుప్రియ ఈ సంగతి తండ్రితో చెప్పింది. ఆయన నవ్వేశాడు. రామాయమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తిన్నగా వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునే రామాయమ్మ అలా నిలబడితే తింటున్నవాళ్ల ముద్దలు ఆగాయి.

“బాబూ, సూర్యనారాయణ మామ వచ్చేదాకా పాకం నాను సూత్తాను. మేస్త్రి పని నాకియ్యండి.”

“నువ్వా?”

“నానే. నిన్నా ఇయ్యాలా సూసింది నానే కదా.”

త్రినాధరావు చెడ్డవాడు కాదు. కూలివాళ్ల జ్వరాలకు మాత్రలు తెచ్చిపెట్టే మనిషి. కానీ కొన్ని మాటలు మంచివాళ్ల నోట్లోనే మరీ సులువుగా పుడతాయి.

“ఓలమ్మ, పిప్పి తొయ్యడానికి బుర్రెందుకే? రెండు సేతులుంటే సాలు. పాకానికి బుర్ర కావాల. అయినా ఆడది గట్టెక్కితే పాకం ఇరిగిపోద్దని మన పెద్దోలు ఊరికే అన్నారేటి? ఎల్లు, అన్నం తిను.”

అందరూ నవ్వారు. రాజుబాబు ఒక్కడు నవ్వలేదు, అన్నం గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. రామాయమ్మ చెవులు భగ్గుమన్నాయి. పొయ్యి ముందు కూర్చున్నా అంత వేడి ఎప్పుడూ తగల్లేదు.

“రేపు ఎవరి సెరుకు?” అని అడిగింది.

“మా సొంత తోటదే. ఏం?”

“మంచిది. రైతుల సెరుకైతే నాను ఈ పని సెయ్యను. రేపు నా సేతులు రెండూ వత్తాయి బాబూ. బుర్ర ఇంటికాడ ఒగ్గేసి వత్తాను. రాజుబాబు ఎప్పుడు సెప్తే అప్పుడు మంట తీత్తాను. అంతకి ఒక్క క్షణం ముందు తియ్యను.”

మళ్లీ నవ్వారు. రామాయమ్మ హాస్యానికి అనలేదు. వెళ్లి అన్నం తింది.

త్రినాధరావు తోట చెరకు నరికి నాలుగు రోజులైంది. ట్రాక్టరు దొరక్క గట్టు మీదే పడి ఉంది. గానుగలో పెట్టగానే రసం కొంచెం పుల్లటి వాసన వేసింది. ఇలాంటి చెరకు పాకం మొండికేస్తుందని రామాయమ్మకు తెలుసు. సున్నం ఇంకాస్త పడాలి. చివర్లో మంట చిన్నగా, ఎక్కువసేపు ఉండాలి. తెలిసిందంతా ఇంటి దగ్గర వదిలేసి వచ్చింది కనుక ఆమె నోరు మెదపలేదు.

పిప్పి చుట్టింది, తోసింది. చుట్టింది, తోసింది. మంట ఎప్పుడూ లేనంత సమంగా ఉంది. కూలి చేతుల మీద ఎవరూ వేలెత్తి చూపలేని పని అది. పైన వాన చప్పుడు పలచబడింది. బుడగలు బరువెక్కాయి. పేలాల వాసన మొదలైంది. రామాయమ్మ కుడిచెయ్యి దానంతటది కర్రను వెనక్కి లాగబోయింది. ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని ఆపింది. కేక వస్తుందేమోనని పైకి చూసింది. రాజుబాబు పాదాలు అటూ ఇటూ తడబడుతున్నాయి. కేక రాలేదు. మరో చుట్ట తోసింది. అంత కష్టమైన చుట్ట ఆమె ఎప్పుడూ తొయ్యలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెరకు ఎవరిదైతేనేం, చేతిలో పాకం పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం కన్నబిడ్డ పడిపోతుంటే చేతులు కట్టుకోవడం లాంటిదే.

“మంట తియ్యి!” అన్నాడు రాజుబాబు.

అదే క్షణంలో లాగేసింది. కానీ ఇటుకలు ఎవరి మాటా వినవు. నలుగురూ పెనం ఒంచి పళ్లెంలో పోసేసరికి పాకం నల్లగా, చేదు పొగతో దిగింది.

త్రినాధరావు గోతి అంచుకు వచ్చి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“కావాలని సేసేవు!”

“మీరు సెప్పిందే సేసేను. సేతులతో సేసేను. తప్పేటుంది సెప్పండి.”

ఇంతలో రాజుబాబు గట్టు దిగి వచ్చాడు. చొక్కా చెమటకు అంటుకుపోయింది.

“వదిన్ని అనకండి బాబూ. ఈ రెండ్రోజులూ దిగిన పెనాలు నాను దింపినవి కావు. నాను కేకేసీసరికే ఆవిడ మంట లాగేసేది. నాకు తెలుసు. పదిమందీ మెచ్చుకుంటంటే సెప్పబుద్ధి కాలేదు. నా రక్తంలో ఏటీ లేదు బాబూ, ఆటో ఉన్నాది.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అటు గానుగలోంచి రసం డ్రమ్ములోకి కారుతూనే ఉంది. చెరకు రసం మనుషుల తగాదాలు తేలేదాకా ఆగదు, గంటల్లో పులుస్తుంది. త్రినాధరావు డ్రమ్ము వైపు చూశాడు, రామాయమ్మ వైపు చూశాడు, పెద్దల మాటను కాసేపు మింగేశాడు.

“ఎక్కు,” అన్నాడు.

రామాయమ్మ ఆ గట్టు ఎక్కడం అదే మొదలు. తెడ్డు బరువు బాగానే ఉంది. కానీ పైన లోకమే వేరు. ఆవిరి ముఖాన కొడుతోంది. గానుగ ఇంజిను సరిగ్గా చెవి పక్కనే మోగుతూ, బుడగల చప్పుడును మింగేస్తోంది. ఆవిరి వాసనలో మరే వాసనా ఆనడం లేదు. కళ్ల ముందు రసం రంగులు మారుతోంది, ఎర్రమట్టి రంగు, చింతపండు రంగు, మరోటి. ఏ రంగుకు ఏ అర్థమో ఆమెకు తెలియదు. ఎప్పుడు చూసింది కనుక? కింద వేరే మనిషి పొయ్యి ముందు కూర్చుని ఇష్టమొచ్చినట్టు తోస్తోంది. పదిమంది కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. నీళ్లలో చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసింది. మాడుతుందేమోనన్న భయంతో తొందరపడి “దించండి” అంది.

పాకం మెత్తగా దిగింది. దిమ్మ కట్టకుండా, తొక్కిన మట్టిలా జారిపోయింది.

“అదీ సంగతి,” అన్నాడు త్రినాధరావు. ఆ గొంతులో కోపం లేదు. ఊరట ఉంది. రామాయమ్మను కాల్చింది ఆ ఊరటే.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె తనను తాను తిట్టుకుంది. ఊరి మొగదలకు వచ్చేసరికి తిట్లు అయిపోయాయి, ఆలోచన మొదలైంది. తనకు పాకం తెలుసు. అందులో అనుమానం లేదు. గట్టు తెలియదు. అందులోనూ అనుమానం లేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని తట్టగానే నడక నిబ్బరంగా మారింది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి గోతిలో దిగింది.

“ఏటిది? మళ్లీ అక్కడికేనా?” అన్నాడు త్రినాధరావు.

“ఔను బాబూ. మేస్త్రిని నానే. కానీ ఇక్కడినుంచే సెప్తాను. రాజుబాబు పైన తెడ్డు తిప్పుతాడు. నాను దించమన్నప్పుడు దించాల.”

“గోతిలోంచి పాకం సెప్పడం ఎక్కడన్నా ఉందా?”

“లేదు. ఇయ్యాల ఉంటాది.”

నరికిన చెరకు ఇంకా సగం మిగిలే ఉంది, రోజు రోజుకీ పాడవుతోంది. మరో మేస్త్రి ఎక్కడా ఖాళీగా లేడు. త్రినాధరావు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, అది ఒప్పుకోవడమే. అదే సమయానికి కళ్లకు నల్లద్దాలు, తలకు తువ్వాలుతో సూర్యనారాయణ వచ్చాడు. పెనం మాడిన కబురు ఊరంతా పాకింది కదా. డాక్టరు మాట గుర్తుచేసి, ఆవిరికి దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

“సున్నం నిన్నటి మీద ఇంకో దోసెడు,” అంది రామాయమ్మ గోతిలోంచి. రాజుబాబు వేశాడు. “మడ్డి తొందరగా తోడొద్దు, బాగా తేరనీ.” ఆగాడు. “ఇప్పుడు తోడు.” తోడాడు.

వాన చప్పుడు పలచబడింది. రామాయమ్మ చుట్టలు చిన్నవి చేసింది, పిడికెడు పిప్పి, మళ్లీ పిడికెడు. కళ్లు మూసుకుని, తల పెనం వైపు వంచింది. షెడ్డులో మాటలన్నీ ఆగిపోయాయి. ఎవరో వెళ్లి గానుగ ఇంజిను కూడా ఆపేశారు.

“నూట పద్దెనిమిది డిగ్రీలు,” అంది సుప్రియ థర్మామీటరు చూస్తూ. “పుస్తకంలో ఇదే ఉంది పిన్నీ, దించెయ్యాలి.”

“పుస్తకానికి ఈ సెరుకు నరికి ఎన్నాల్లయ్యిందో తెలుసేటమ్మా? ఉండు.”

“నూట పందొమ్మిది.”

“ఉండు.”

త్రినాధరావు ముందుకు వచ్చి పెనంలోకి తొంగి చూశాడు. రామాయమ్మ ఉన్నట్టుండి కర్రతో మంటంతా వెనక్కి లాగి, నీళ్లు కొట్టింది. పొగలోంచి ఆమె గొంతు మాత్రం వినిపించింది. “ఒకటి... రెండు... మూడు... నాలుగు తిప్పులు తిప్పు రాజుబాబూ. ఆఁ. దించండి!”

పెనం ఒంచారు. పాకం తేనె రంగులో, తొందర లేకుండా, మడతలు మడతలుగా పళ్లెంలోకి జారింది. చూస్తుండగానే అంచులు పాలిపోయి బిగుసుకున్నాయి. ఐదు రోజుల చెరకు అంటే ఎవరూ నమ్మరు. సూర్యనారాయణ లేచి వచ్చి, వేడి ముద్ద కొంచెం తీసుకుని నీళ్లలో ముంచి, వేళ్ల మధ్య ఉండ చేసి, పెనం అంచుకు కొట్టాడు. టంగుమంది.

ఆయన నల్లద్దాలు తీసేయబోతే కొడుకు ఆపాడు. “నాను కూడా ఈ సెరుకుని ఇలగ దించలేకపోదును,” అన్నాడు ముసలాయన. “ఇది నేర్సుకుంటే వచ్చేది కాదు. దేవుడిచ్చిన హస్తవాసి.”

త్రినాధరావు మొహం వికసించింది. ఆయనకు ఆ మాట ఎంతో సదుపాయంగా తోచింది. “అంతే, అంతే. పుట్టుకతోనే వచ్చుంటాది. మనం కనిపెట్టలేకపోయేం గానీ.”

రామాయమ్మ గోతిలోంచి పైకి వచ్చింది. ముఖమంతా మసి, మోచేతుల దాకా బూడిద. చీర దులుపుకోలేదు.

“అలగనకండి మామా,” అంది. గొంతు పెంచలేదు. “మా అయ్య తాటిసెట్లెక్కేవోడు. రక్తంలో వచ్చేదే అయితే నాకు తాటిసెట్టెక్కడం రావాల. దేవుడిచ్చిందే అయితే నిన్న గట్టు మీద ఎందుకు పాడయ్యింది? దేవుడికి మెట్లెక్కడం రాదేటి?”

ఎవరో కిసుక్కుమన్నారు.

“ఈ గోతిలో దిగిన తొలేడు మంట ఎక్కువైందని నన్ను తిట్టింది మీరే. రెండో ఏడూ తిట్టేరు. ఎందుకు తిట్టేరో ఇంటికెల్లి తలుసుకునేదాన్ని. ఇయ్యాల సద్దు ఎలగుంది, దిమ్మ ఎలగొచ్చింది అని. మూడో ఏడు తిట్లు ఆగేయి. మొత్తం పందొమ్మిదేళ్లు మామా. ఈ పొయ్యి ముందు ఇని, వాసన సూసి, కాల్సుకుని నేర్సుకున్నాను. అదంతా తీసుకెల్లి దేవుడికిచ్చేత్తే నాకేటి మిగుల్తాది? అప్పుడు బుర్ర లేదన్నారు, ఇప్పుడు బుర్ర దేవుడిదన్నారు. నాదని మాత్రం అనరు.”

సుప్రియ పుస్తకం మూసి ఆమెనే చూస్తోంది. సూర్యనారాయణ చేతిలోని బెల్లం ఉండను కాసేపు వేళ్ల మధ్య దొర్లించాడు.

“నిజమేనే,” అన్నాడు చివరికి. “మా అయ్య నన్ను ఆరేళ్లు తెడ్డు ముట్టనివ్వలేదు. ఆరేళ్లూ మడ్డి తోడించేడు. తప్పుజేత్తే వేడి గరిటెతో ఈపు మీద కొట్టేవోడు. ఊల్లో అందరూ రక్తం, రక్తం అంటంటే నాను ఊరుకున్నాను. ఇనడానికి బాగుండేది. ఆ ఆరేళ్లూ ఎవరికీ సెప్పలేదు, ఈడిక్కూడా.” కొడుకు వైపు తల తిప్పాడు. “నీదేనే రామాయమ్మా ఇది. నీ సొంతం.”

రామాయమ్మ ఛాతీ పొంగింది. దాచుకోవాలని కూడా అనుకోలేదు. త్రినాధరావు గొంతు సవరించుకుని, ఎవరినీ చూడకుండా, “మరైతే సీజనయ్యేదాకా మేస్త్రి రామాయమ్మే,” అన్నాడు.

“సీజనయ్యేదాకా కాదు బాబూ. మామ వచ్చినా ఇద్దరం ఉంటాం. నాకు గట్టు మీద రంగు తెలీదు. అది మామ కాడ నేర్సుకుంటాను.” అప్పుడే గట్టు మెట్ల వైపు తిరిగింది.

రాజుబాబు తెడ్డు గోడకు ఆనించి దిగి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే లుంగీ ఎగ్గట్టి గోతిలోకి దిగి, పిప్పి చేతిలోకి తీసుకున్నాడు. చుట్ట చుట్టబోతే విడిపోయింది.

“వదినా, నాకు ఎన్నాల్లు పడతాది?”

“బుర్రుంటే రెండేళ్లు.”

“లేపోతే?”

“లేపోతే మూడేళ్లు,” అని రామాయమ్మ గట్టెక్కింది.